కోర్టు డబ్బు వస్తుందని పెళ్లికి అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మాది కావలి. నెల్లూరులో ఓ ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను, జీతం 18,000. నాలుగు నెలల క్రితం ఓ ఆదివారం స్కూటీ మీద వెళ్తుంటే హైవేపై కారు గుద్దింది. తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. ఇంకా చేతికర్రతోనే నడుస్తున్నాను, అప్పటి నుంచి జీతం లేదు. పెళ్లికని దాచిన 4 లక్షల్లో ఆసుపత్రికి పోగా లక్షన్నర మిగిలింది. మాఘంలో ముహూర్తం. అబ్బాయి వాళ్లు కోలుకున్నాకే చేద్దామంటున్నారు. నాన్న మాత్రం నలుగురిలో మాట పడకూడదని రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్తారట, కారు ఇన్సూరెన్స్ డబ్బు రాగానే తీర్చేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ అప్పు వద్దమ్మా. రెండు రూపాయలంటే 5 లక్షలకు నెలకు 10,000 వడ్డీ. మీరు రేపే ఉద్యోగంలో చేరినా జీతంలో సగానికి పైగా దానికే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో కేసు ఎప్పుడు తేలుతుందో లాయరు కూడా చెప్పలేడు. తేలినా ఇన్సూరెన్స్ కంపెనీ హైకోర్టుకి వెళ్లొచ్చు. వచ్చిన సొమ్ములో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమని జడ్జి ఆదేశించడమూ మామూలే. చేతికొచ్చేదాకా ఆ డబ్బు లేదనే అనుకోండి.

అలాగని కేసు వదిలేయకండి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. మీకు మిగిలింది రెండు నెలలే. నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు. 'ఖర్చంతా మేం పెట్టుకుంటాం, వచ్చిన దాంట్లో ఇంత శాతం ఇవ్వండి' అనేవాళ్లు తగిలితే నమస్కారం పెట్టి పంపేయండి. లాయర్లు అలా వాటా మీద ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు.

ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, పే స్లిప్పులు ఒకచోట పెట్టుకోండి. మెడికల్ షాపు బిల్లులు ఈరోజే జిరాక్స్ తీయించండి. ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి, తర్వాత ఏం చూపిస్తారు? ఫిజియోథెరపీకి వెళ్లొచ్చిన ఆటో ఖర్చులు కూడా తేదీలు వేసి రాసుకోండి. ఎముక పూర్తిగా అతికిందో లేదో తెలియకముందే లోక్ అదాలత్‌లో రాజీకి సంతకం పెట్టకండి. తర్వాత మళ్లీ ఆపరేషన్ అంటే ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

ఇంకో సంగతి మీరు రాయలేదు. పాత పే స్లిప్ తీసి చూడండి. 21,000 లోపు జీతం కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కింద 135 రూపాయల కోత కనిపించాలి. కనిపిస్తే, చందా కట్టిన రోజులు సరిపోయి ఉంటే, సెలవులో ఉన్న కాలానికి జీతంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల వరకు ఇస్తారు. అంటే నెలకు 12,600 దాకా. ఆలస్యమైందని మీరే అనేసుకోకుండా ఆసుపత్రి కాగితాలతో బ్రాంచి ఆఫీసుకి ఎవరినైనా పంపండి.

ఇక పెళ్లి. మీ దగ్గరున్న లక్షన్నరలో లక్ష కాలికి, ఇంటి ఖర్చుకి. దాన్ని వేరే ఖాతాలో వేసి, ఏటీఎం కార్డు కూడా తీసుకోకండి. మిగిలిన 50,000తో మాఘంలో హాల్లో పెళ్లి జరగదు. ప్లేటు 250 అనుకున్నా 500 మందికి భోజనాలే లక్షా పాతిక వేలు! మీ నాన్నగారి బాధ అర్థమైంది కానీ, మగపెళ్లివారే ఆగుతామంటుంటే మాట అనేదెవరు? పీటల మీద కూర్చోవచ్చని డాక్టరు చెప్పాకే ముహూర్తం పెట్టించండి. జొన్నవాడ కామాక్షమ్మ గుళ్లో దగ్గరివాళ్ల మధ్య చేసుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. అప్పటికీ ఇంకో లక్ష కావాల్సి వస్తే ఇంట్లో నగ బ్యాంకులో పెట్టండి. పది శాతం వడ్డీ అనుకున్నా నెలకు 850 దాటదు.

ఫంక్షన్ హాలుకి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఓనరుకి ఈ వారమే ఫోన్ చేయండి. రద్దు మాట ఎత్తకుండా తేదీ మార్చమని అడగండి. ముహూర్తాలకు ముందే చెబితే ఆ రోజు ఇంకొకరికి ఇచ్చుకుంటాడు, మీ అడ్వాన్స్ నిలుస్తుంది.