సంచి మీద ఆనించినా దెబ్బలు చెదిరిపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. ఈ మధ్యే 6 అంగుళాల బ్యారెల్ ఉన్న .357 మాగ్నమ్ రివాల్వర్ కొన్నా. రేంజ్‌లో 25 గజాల దూరంలో టార్గెట్ పెట్టి, బెంచ్ మీద ఇసుక సంచికి బ్యారెల్ ఆనించి కాలుస్తున్నా, అయినా దెబ్బలు నిలువుగా పైకీ కిందకీ పడుతున్నాయి. ఫ్రెండ్సేమో ట్రిగ్గర్ మార్పించమంటున్నారు. మార్పించాలంటారా?

జవాబు: ట్రిగ్గర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, డబ్బు దండగ. బ్యారెల్ ఆనించి అన్నారు కదా, ముందు అది మానేయండి. బుల్లెట్ బ్యారెల్ దాటేలోపే రివాల్వర్ మూతి పైకి లేవడం మొదలైపోతుంది, ఆ లేచేది లెక్కలో వేసుకునే ఫ్రంట్ సైట్ (బ్యారెల్ చివర గురి చూసే ముక్క) అంత ఎత్తుగా పెడతారు. బ్యారెల్ గట్టి సంచికి తగిలితే ఆ లేవడం ఒక్కో షాట్‌కి ఒక్కోలా అవుతుంది, ఇక దెబ్బలు నిలువుగా పడక ఏం చేస్తాయి చెప్పండి. గ్రిప్ అడుగుభాగం బల్లకి ఆనించినా ఇదే గొడవ. మీ ముంజేతులు, మణికట్లు సంచి మీద పెట్టి, గన్ మాత్రం దేనికీ తగలకుండా గాల్లో ఉంచండి, పట్టు ప్రతిసారీ ఒకేలా, ఒకే బిగువులో ఉండాలి.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం అండీ. సిలిండర్‌కీ (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగం) బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, కాల్చినప్పుడు అక్కడి నుంచి వేడి గ్యాసు, సీసం తునకలు పక్కలకి చిమ్ముతాయి. సంచి గుడ్డ చిరిగిపోతుంది, వేలు అక్కడుంటే గాయం మామూలుగా ఉండదు. పిస్టల్ పట్టుకున్నట్టు బొటనవేళ్లు ముందుకి చాపే అలవాటుంటే రివాల్వర్‌తో అది పూర్తిగా వదిలేయాలి. కళ్లజోడూ, చెవులకి మఫ్సూ సరేసరి.

సంచుల ఎత్తు పెంచుకోండి, మెడ వంచి తొంగిచూడాల్సిన పని ఉండకూడదు. మనవాళ్లలో ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లు ఎక్కువ కదా, తల కొంచెం వంగినా సైట్ మసకబారుతుంది. ఫ్రంట్ సైట్ స్పష్టంగా, టార్గెట్ కాస్త మసగ్గా కనిపిస్తే కరెక్ట్. హ్యామర్ వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లోనే కాల్చండి.

తూటాలు ఎప్పుడూ ఒకే రకం వాడండి, కలిపి వాడొద్దు, ఎందుకంటే నెమ్మదిగా వెళ్లే బరువు బుల్లెట్ బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి 25 గజాల దగ్గర సాధారణంగా పైన తగులుతుంది. మీ గన్‌లో .38 స్పెషల్ కూడా పడుతుంది, అందులో 148 గ్రెయిన్ల బరువుండే వాడ్‌కట్టర్ (ముందు భాగం చదునుగా ఉండే బుల్లెట్) తెచ్చుకోండి, టార్గెట్ కోసమే చేసింది, కుదుపు తక్కువ, కాగితానికి గుండ్రంగా తెగిన చిల్లు పెడుతుంది. తర్వాత చాంబర్లు (సిలిండర్‌లో తూటాలు దూర్చే గదులు) బ్రష్‌తో బాగా తోమాలి, లేకపోతే పొట్టిగా ఉండే .38 తూటా వదిలిన మసి అడ్డుపడి .357 తూటాలు లోపలికి దిగవు.

ఇవన్నీ చేశాక కూడా చెదిరితే, గన్ ఖాళీ చేసి, సిలిండర్ మీద చాంబర్లకి మార్కర్‌తో 1 నుంచి 6 దాకా నంబర్లు రాయండి. ఒక్కో చాంబర్‌తో విడివిడిగా 5 షాట్లు, దేని టార్గెట్ దానికే. రివాల్వర్‌లో ఎక్కువగా ఆరు చాంబర్లు ఉంటాయి (మీ దాంట్లో ఎన్నుంటే అన్ని నంబర్లు వేయండి), అన్నీ అచ్చంగా ఒకేలా ఉండాలనేం లేదు. ప్రతిసారీ ఒకే నంబరు పక్కకి కొడుతోంటే అప్పుడు ఆ టార్గెట్లు పట్టుకుని గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాళ్లు) దగ్గరకి వెళ్లండి, చాంబర్ నోరు కొలిచి చూడమనండి.