గేరు మారకుండానే ఇంజిన్ వేగం ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న: మా ఆటోమేటిక్ కారు జాతీయ రహదారిపై ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు, గేరు మారకపోయినా ఆర్‌పీఎం ముల్లు కొద్దిగా దిగుతోంది. ఇది లోపమా?
– ఒక పాఠకుడు, రణస్థలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: లోపం కాదు. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య నూనె ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ సక్రమంగా పనిచేస్తోందనడానికి అది గుర్తు. ఇంజిన్‌తో కలిసి తిరిగే ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం నూనెను విసురుతుంటే, ఆ ప్రవాహపు తాకిడికి ఎదుటనున్న మరో రెక్కల చక్రం, టర్బైన్, తిరిగి గేర్‌బాక్సుకు శక్తిని అందిస్తుంది. బండి కదిలే వేళ ఆ రెంటి మధ్యనున్న స్టేటర్ ఆ నూనెను దారి మళ్లించి టార్కును, అంటే తిప్పే బలాన్ని, రమారమి రెండింతల వరకు పెంచుతుంది కనుక ఈ ఏర్పాటు నిజంగా గొప్పది. అయితే నూనె ద్వారా నడిచే టర్బైన్ ఎప్పుడూ ఇంపెల్లర్ కంటే కాస్త వెనకబడుతుంది. ఆ తేడా వేడిగా మారి ఇంధనం వృథా అవుతుంది.

అందుకే వేగం నిలకడగా ఉన్నప్పుడు కంప్యూటర్ ఒక సోలినాయిడ్ వాల్వు (విద్యుత్తుతో తెరుచుకుని మూసుకునే కవాటం) ద్వారా నూనె ఒత్తిడిని మళ్లించి, టర్బైన్‌కు అమర్చిన రాపిడి పలకను, అంటే లాకప్ క్లచ్‌ను, ఇంజిన్‌తో తిరిగే కన్వర్టర్ ముందు కవచానికి గట్టిగా అదుముతుంది. ఆ క్షణం నుంచి ఇంపెల్లర్, టర్బైన్ రెండూ ఒక్కటిగా తిరుగుతాయి; ముల్లు దిగేది అప్పుడే. బ్రేకు వేసినా, శృంగవరపుకోట దాటి అరకు ఘాట్‌లో యాక్సిలరేటర్ బలంగా తొక్కినా ఈ పట్టు విడిపోతుంది. విడిపోకుంటే, బండి ఆగేసరికి ఇంజిన్ కూడా ఆగిపోతుంది.

మీరు గమనించవలసింది పట్టు పడే సమయంలో వచ్చే వణుకును. గతుకుల మీద వెళ్తున్నట్టు బండి అదిరితే, ముందుగా గేర్‌బాక్సు నూనెను పరీక్షింపజేసి, మార్చవలసి వస్తే తయారీదారు సూచించిన రకాన్నే పోయించండి.