టెస్టర్లను తీసేశాక కొన్నవాళ్ల దగ్గరే గేమ్ ఆగుతోందా?

మీ గేమ్ మీ దగ్గర సాఫీగా నడుస్తూ, కొన్నవాళ్ల దగ్గర మాత్రం ఆగుతోందని అడిగారు. ప్రతి కొత్త ఎఫెక్ట్ మొదటిసారి వచ్చినప్పుడే క్షణం ఆగి, రెండోసారి ఆగట్లేదంటే అది దాదాపుగా షేడర్ కంపైలేషనే, అంటే తెరమీద బొమ్మను గీసే చిన్న ప్రోగ్రాములను (షేడర్లను) ఆట మధ్యలో గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యేలా మార్చడం. గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించినా పోలేదన్నారు కదా, పోదు.

ఖర్చు తగ్గించడానికి టెస్టర్లను తీసేసి మీ మెషీన్లలోనే ఆడి చూసుకున్నామన్నారు, అసలు తిరకాసు అక్కడుంది: మీ దగ్గర ఆ షేడర్లు ఎప్పుడో కంపైలై డిస్క్‌ మీద క్యాష్‌లో (మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టే చోట) ఉండిపోయాయి, కాబట్టి మీరు ఎన్నిసార్లు ఆడినా సాఫీగానే ఉంటుంది. ఆ క్యాష్ తీసేసి టెస్ట్ చేయడమే అందరూ వదిలేసే స్టెప్.

1. విండోస్ డిస్క్ క్లీనప్‌లో డైరెక్ట్‌ఎక్స్ షేడర్ క్యాష్ తీసేయండి. గ్రాఫిక్స్ డ్రైవర్ సొంత క్యాష్ ఫోల్డర్ కూడా. ప్రతి టెస్టుకు ముందూ ఇది చేయాలి, ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం లేదు.
2. ఎడిటర్లో కాదు, ప్యాకేజ్ చేసిన బిల్డ్‌నే (కొన్నవాళ్లకు ఇచ్చే రూపాన్నే) ఆడండి.
3. ఆగితే, మీ గేమ్ ఇంజిన్‌ను బట్టి అన్‌రియల్‌లో పీఎస్ఓ ప్రీక్యాషింగ్, యూనిటీలో షేడర్ వేరియంట్ కలెక్షన్ వార్మప్ (రెండూ షేడర్లను ముందే సిద్ధం చేసిపెట్టేవే) లోడింగ్ స్క్రీన్‌లోనే జరిగేలా పెట్టండి. లోడింగ్ కాస్త పెరుగుతుంది, పర్లేదు.
4. చవగ్గా వస్తున్నాయని కొన్న అసెట్ ప్యాకులు ఒక్కోటీ సొంత మెటీరియల్స్ (వస్తువుల పైభాగం ఎలా కనిపించాలో చెప్పేవి) తెస్తాయి, దాంతో కంపైల్ కావాల్సిన షేడర్లు పెరుగుతాయి. ఒకేలా ఉన్నవాటిని ఒక మాస్టర్ మెటీరియల్ (ఉమ్మడి మూల మెటీరియల్) కిందికి తెండి.

క్యాష్ తీసేసినా ఆగకపోతే ప్రొఫైలర్ క్యాప్చర్ (ఏ పనికి ఎంత టైమ్ పట్టిందో చూపే రికార్డు) ఇక్కడ పెట్టండి, అసెట్ లోడింగ్ వైపు చూద్దాం.