గిటార్ సోలోలో నోట్లన్నీ సరిగ్గా పడుతున్నా పాట పాడినట్టు ఎందుకు ఉండదు?

భీమవరం నుంచి అడిగారు కదా, పవర్ బ్యాలడ్ (భావం నిండిన నెమ్మది రాక్ పాట) సోలో నేర్చుకుంటున్నా భావం పలకడం లేదని. లోపం వేగంలో కాదు, బెండింగ్‌లో, అంటే తీగను పక్కకి నెట్టి స్వరం పెంచడంలో ఉండి ఉంటుంది. ఈ పాటలు నెమ్మదిగా సాగుతాయి. ఒక్కో స్వరం చాలాసేపు నిలుస్తుంది కాబట్టి శ్రుతి కాస్త తప్పినా తెలిసిపోతుంది. నేర్చుకోవడానికి ఇవి అందుకే మంచివి.

సన్నటి తీగ నుంచి లెక్కపెడితే వచ్చే రెండో తీగ మీద ముందు 10వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు మెట్టు) వాయించి ఆ స్వరాన్ని చెవిలో నింపుకోండి. తర్వాత 8వ ఫ్రెట్ మీద ఉంగరం వేలు పెట్టి, వెనక మధ్యవేలు, చూపుడువేలు ఆసరాగా, తీగను నెట్టి సరిగ్గా ఆ స్వరానికే చేర్చండి. చేరి నిలిచాకే వైబ్రాటో, అంటే స్వరాన్ని సన్నగా ఊపడం. ముందే ఊపితే వణుకులా వినిపిస్తుంది. ఊపు మణికట్టులోంచి రావాలి.

1969లో మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించారు. సంగీతం వేరైనా తప్పక వినండి, స్వరం నుంచి స్వరానికి ఎలా జారాలో చెవికి ఎక్కుతుంది.

ఇంకో మాట. డెల్టా తేమకి తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాటి మీద బెండ్ సాఫీగా రాదు. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి. 9 గేజ్ (సన్నటి) తీగలైతే మొదట్లో వేళ్లకి సులువు.