ఎనిమిది రోజుల్లో గ్రీస్‌లో నాలుగు దీవులా? పెద్దవాళ్ళతో అయితే వద్దు

ఆగస్టులో ఎనిమిది రోజులు గ్రీస్ వెళ్తున్నాం, అత్తగారూ మామగారూ కూడా వస్తున్నారు, సాంతోరిని, మికోనోస్, క్రీట్, కోర్ఫూ నాలుగూ ఎలా కవర్ చేయాలి అని అడిగారు. చేయకండి. ముందు ఆ లిస్టులోంచి క్రీట్, కోర్ఫూ కొట్టేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కోర్ఫూ అసలు ఆ వైపు లేదు. అది పడమటి తీరాన, అయోనియన్ సముద్రంలో, అల్బేనియాకి ఎదురుగా ఉంటుంది. సాంతోరిని, మికోనోస్ తూర్పున ఏజియన్‌లో ఉన్నాయి. ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళాలంటే ఏథెన్స్ వచ్చి విమానం ఎక్కడమే సులువు. క్రీట్ పేరుకి దీవే గానీ ఆ కొస నుంచి ఈ కొసకి 260 కిలోమీటర్లు. హెరాక్లియన్ నుంచి హనియాకి కారులో రెండు గంటల పైనే పడుతుంది. అదొక్కటే వారం తినేస్తుంది. మూడు దీవులు, ఐదు రాత్రులు అంటూ ప్యాకేజీలు అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందులో సగం సమయం పోర్టులో ఎండలో సూట్‌కేసుల మీద కూర్చోవడమే. డెబ్బై ఏళ్ళవాళ్ళకి అది సెలవు ఎలా అవుతుంది?

ఓడ దిగడం ఎలా ఉంటుందో కూడా ఏ ప్యాకేజీవాడూ చెప్పడు. లగేజీ కింద, లారీలు నిలిపే అంతస్తులో పెట్టాలి. దీవి దగ్గర పడుతుండగానే అందరినీ ఆ ఇనప గదిలోకి దింపేస్తారు. ఇంజన్ల హోరు, డీజిల్ వాసన, ఎదురుగా ర్యాంపు కిందికి దిగుతూ ఉంటుంది. ఓడ ఆగేది కొద్ది నిమిషాలే. ఒకేసారి వందల మంది, కార్లు, లారీలు బయటపడతాయి. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని చెయ్యి పట్టుకుని ఇంకో చేత్తో రెండు పెట్టెలు లాగాలి. ఎన్ని దీవులు పెంచితే అన్నిసార్లు ఇదంతా పడాలి.

ఇక ఆగస్టు సంగతి. జూలై, ఆగస్టుల్లో ఏజియన్‌లో ఉత్తరం నుంచి గాలి వీస్తుంది, మెల్తేమి అంటారు. ఒక్క మబ్బు తునక ఉండదు, వాన చినుకు ఉండదు, అయినా పోర్టు అధికారులు ఓడలు ఆపేస్తారు. తొందరగా చేరొచ్చని మనం ఎక్కువ డబ్బు పెట్టి కొనే చిన్న స్పీడు ఓడలు ముందు ఆగుతాయి. పెద్ద ఫెర్రీలు నెమ్మదిగా పోతాయి గానీ గాలిని ఎక్కువ తట్టుకుంటాయి, కుదుపూ తక్కువ. పెద్దవాళ్ళతో అయితే పెద్ద ఫెర్రీయే ఎక్కండి.

మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఇక్కడ వేసవి సెలవులు ఆగస్టులోనే కాబట్టి తెనాలి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ నెలలోనే వెళ్ళాం. ఏజియన్‌లోనే ఉన్న నాక్సోస్ దీవికి పోతూ దారిలో టినోస్ అనే దీవిలో ఆగాం. నాక్సోస్ బయల్దేరాల్సిన రోజు పొద్దున్నే మెసేజ్ వచ్చింది, గాలి వల్ల ఓడలు లేవని. బాల్కనీలోకి వెళ్ళి చూస్తే ఎండ పెళపెళలాడుతోంది, మేం ఆరేసిన తువ్వాళ్ళు మాత్రం ఎదుటి డాబా మీద ఉన్నాయి. పోర్టులో ఒక జంట టికెట్ కౌంటరు ముందు ఏడుస్తోంది. మర్నాడు పొద్దున ఏథెన్స్ నుంచి వాళ్ళ ఫ్లైటట. కౌంటర్లో అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? ఓడ రద్దయితే టికెట్ డబ్బులు తిరిగిస్తారు, లేదా తర్వాతి ఓడకి మారుస్తారు. పోయిన ఫ్లైటు మాత్రం మనదే.

మాకు తొందర లేదు కాబట్టి అమ్మని తీసుకుని గుడి దారి పట్టాను. ఏథెన్స్‌లో అక్రోపొలిస్ చూసి "బాగుంది" అని ఊరుకున్న మనిషి ఇక్కడ ఠక్కున ఆగిపోయింది. టినోస్‌లో పోర్టు నుంచి మేరీమాత గుడిదాకా తిన్నగా ఎత్తు రోడ్డు. దాని అంచున ఒక మనిషి పట్టేంత వెడల్పున కార్పెట్ పరిచి ఉంటుంది. మా అమ్మ ఈడు మనిషి ఒకామె దాని మీద మోకాళ్ళతో పాకుతూ వెళ్తోంది. మోకాళ్ళకి ప్యాడ్లు, అరచేతుల కింద మడత పెట్టిన గుడ్డ. వెనక కొడుకు ఆమె చెప్పులూ హ్యాండ్‌బ్యాగూ పట్టుకుని అడుగులో అడుగేస్తున్నాడు. పక్కనుంచి కార్లు పోతున్నాయి, షాపుల ముందు మనిషెత్తు కొవ్వొత్తులు నిలబెట్టి అమ్ముతున్నారు, ఆగి చూసేవాళ్ళు ఎవరూ లేరు.

"ఇది మన మోకాళ్ళ పర్వతంరా," అంది అమ్మ. నాన్నకి బైపాస్ అయిన ఏడాది తిరుమల నడకదారిలో ఆ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కిన మనిషి ఆవిడ. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు. ఆమె పాకినంత నెమ్మదిగా పక్కనే నడిచింది, ఆమె ఆగితే ఆగింది. పైకి వెళ్ళాక మొక్కు ఎందుకో కనుక్కోమంది. మనవరాలికి ఆపరేషన్ అయిందట, పిల్ల ఇప్పుడు బాగుందట. ఆ పిల్ల పేరేమిటో కూడా అడిగించి, లోపలికెళ్ళి కొవ్వొత్తి వెలిగించింది.

లోపల కప్పు నిండా వెండి దీపాలు, వాటికి వేలాడుతూ మొక్కు తీర్చుకున్నవాళ్ళు ఇచ్చిన చిన్న చిన్న వెండి ఓడలు, కాళ్ళు, ఉయ్యాలలు. ఈ గుడికి మూలమైన మేరీమాత చిత్రపటం 1823లో అక్కడ తవ్వకంలో దొరికింది, నగలతో కప్పేసి ఉంటుంది కాబట్టి ముఖం కనిపించదు. నాన్న మాత్రం ఎల్లీ అనే గ్రీకు యుద్ధనౌక స్మారకం దగ్గర ఉండిపోయారు. 1940 ఆగస్టు 15న, మేరీమాత పండగ రోజునే, ఈ రేవులో ఇటలీ జలాంతర్గామి దాన్ని ముంచేసింది.

టినోస్ నుంచి మికోనోస్ ఓడలో అరగంట. జనమంతా అక్కడికే పోయి గాలిమరల ముందు ఫొటో కోసం నిలబడతారు. 2025 జూలై నుంచి క్రూజ్ ఓడల్లో మికోనోస్, సాంతోరిని వచ్చేవాళ్ళ మీద సీజన్‌లో తలకి 20 యూరోలు పన్ను కూడా వేశారు, రద్దీ ఎంతో మీరే ఊహించుకోండి. సాంతోరినిలో ఎటు చూసినా మెట్లు. మీ మామగారు నడవగలిగితే ఒక రాత్రి పెట్టుకోండి, లేకపోతే మానేయండి, ఏమీ పోదు.

నేనైతే మీకు టినోస్, నాక్సోస్ రెండే చెప్తాను. రెండూ ఒకే ఓడల దారిలో ఉన్నాయి. ఏథెన్స్ ఎయిర్‌పోర్టులో దిగి పిరేయస్ రేవుకి పోకండి, అది ఊరికి ఆ చివర. రఫీనా రేవు కారులో అరగంట, అక్కణ్ణుంచి టినోస్‌కి పెద్ద ఫెర్రీలో సుమారు నాలుగు గంటలు. నాక్సోస్‌లో అగియా అన్నా వైపు ఉంటే ఇసుక మీద పెద్దవాళ్ళు కూడా హాయిగా నడుస్తారు, సాయంత్రం పోర్టు పక్కన అపోలో గుడి పాలరాతి ద్వారం చూడొచ్చు. ఆఖరి రాత్రి మాత్రం ఏథెన్స్‌లోనే పడుకోవాలి. దీని మీద బేరం లేదు. నెల మార్చుకోగలిగితే పిల్లల సెలవులు చూసుకుని మే చివరికి జరపండి. మార్చుకోలేకపోతే ఆగస్టు 15కి అటూ ఇటూ టినోస్ వద్దు, గది దొరకదు, ఓడలు కిటకిట.

అత్తగారు శాకాహారి అన్నారు కదా, బెంగ పడకండి. శనగబద్దల్లాంటి పసుపు బఠాణీ పప్పు మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు, ఫావా అంటారు. అన్నం కూరిన టమాటాలు యెమిస్తా, టమాటా రసంలో పెద్ద చిక్కుడు గింజలు యిగాందెస్ అడగండి. యెమిస్తాలో కొందరు కీమా కూడా పెడతారు, ఆర్డర్ ఇచ్చేముందే మాంసం ఉందా అని కనుక్కోండి. ఆగస్టు మొదటి రెండు వారాలు వాళ్ళకి ఉపవాసం కాబట్టి మాంసం, పాలు, గుడ్లు లేనివి చాలాచోట్ల దొరుకుతాయి. అయితే ఆ ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్ తినొచ్చు. అవీ లేవని విడిగా అడిగే పెట్టించుకోండి.