25-హైడ్రాక్సీ 11 వస్తే 1,25 పరీక్ష కూడా చేయించాలా? డెలూకా పని ఏం చెబుతుంది?

మీ ప్రశ్న ఇది: గుంటూరులో అమ్మగారికి చేయించిన రిపోర్టులో 25-హైడ్రాక్సీ విటమిన్ డి 11 వచ్చింది, అంటే తక్కువే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉంది. ఆర్నెల్లుగా కాల్షియం క్యాప్సూల్ వేసుకుంటున్నా డి పెరగలేదు. ఒంట్లో పనిచేసే అసలు హార్మోన్ 1,25-డైహైడ్రాక్సీ విటమిన్ డి (క్లుప్తంగా 1,25) కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించాలా అని. అక్కర్లేదండీ. ఎందుకో తెలియాలంటే విటమిన్ డి మీద పరిశోధన చేసిన అమెరికా శాస్త్రవేత్త డెలూకా పని కొంచెం చూడాలి.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ స్టీన్‌బాక్ 1924 ప్రాంతంలో అతినీలలోహిత కాంతితో ఆహారంలో విటమిన్ డి పుట్టించవచ్చని చూపించాడు. ఆయన శిష్యుడే హెక్టర్ డెలూకా. విటమిన్ డి లోపించిన ఎలుకకి డి ఇచ్చినా పేగు వెంటనే కాల్షియం పీల్చుకోదు, గంటల తరబడి ఆలస్యం. ఆ ఆలస్యంలో ఏం జరుగుతోంది? రేడియోధార్మిక ట్రిటియం తగిలించిన విటమిన్ ఇచ్చి, ఒంట్లో అది ఏ రూపంలోకి మారుతోందో వెతికారు. 1968లో పంది ప్లాస్మాలోంచి 25వ కార్బన్ మీద ఓహెచ్ (హైడ్రాక్సీ గుంపు) చేరిన రూపాన్ని వేరుచేశారు. అది లివర్‌లో తయారవుతుంది. మీ రిపోర్టులో 11 అని ఉన్నది దీని కొలతే. 1971లో వెయ్యికి పైగా కోడిపిల్లల పేగుల్లోంచి మైక్రోగ్రాముల్లో దొరికిన పదార్థాన్ని అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి, 1వ కార్బన్ మీద ఇంకో ఓహెచ్ ఉందని తేల్చారు. 1,25 అన్నా, కాల్సిట్రియాల్ అన్నా అదే.

ఘనతంతా ఆయన ఒక్కడిదే అనడం సరికాదు. ఆ రెండో ఓహెచ్ కిడ్నీలో చేరుతుందని 1970లో చూపించింది కేంబ్రిడ్జ్‌లోని ఫ్రేజర్, కోడిసెక్. కాలిఫోర్నియాలో నార్మన్ బృందం కూడా అదే దారిలో ఉంది. అయితే ఆ అణువుల నిర్మాణం తేల్చి, ల్యాబులో తయారుచేసి, మందుల దాకా తీసుకెళ్లడంలో డెలూకా బృందానిదే పెద్దచెయ్యి అని నా అభిప్రాయం. డయాలసిస్ వాళ్లకి వాడే పారికాల్సిటాల్ అనే మందు కూడా ఆ ల్యాబులో పుట్టిందే.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. 1,25ని హార్మోన్ అనడానికి కారణం, అది అవసరాన్ని బట్టి తయారవుతుంది. రక్తంలో కాల్షియం తగ్గితే మెడలోని చిన్న గ్రంథుల నుంచి వచ్చే పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది, అది కిడ్నీని తొందరపెడుతుంది, కిడ్నీ ఉన్న కాస్త 25నే 1,25గా మారుస్తుంది. అందుకే నిల్వ అడుగంటినా 1,25 మామూలుగానో, కాస్త ఎక్కువగానో కనిపిస్తుంది. ఆ రిపోర్టు చూసి "అంతా బాగుంది" అనుకుంటే మోసపోతాం. పైగా 1,25 రక్తంలో గంటల్లో కరిగిపోతుంది, 25 అయితే రెండు మూడు వారాలకి సగమవుతుంది. గాదెలో ధాన్యం ఎంతుందో చెప్పేది 25. కాల్షియం ఎక్కువై పారాథైరాయిడ్ హార్మోన్ తక్కువున్నప్పుడు, అంటే సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల వాపు గడ్డలు కట్టే జబ్బు), టీబీ లాంటివి అనుమానించినప్పుడు, 1,25 పరీక్షకి పని ఉంటుంది.

ఆర్నెల్లయినా పెరగకపోవడానికి కారణం బహుశా ఆ క్యాప్సూల్లోనే ఉంది. స్ట్రిప్ వెనక చదవండి. "కాల్సిట్రియాల్ 0.25 మైక్రోగ్రాములు" అని ఉంటే, అది లివర్, కిడ్నీ రెండూ దాటేసిన తయారు సరుకు. 25 పరీక్షలో అది లెక్కకే రాదు, నిల్వ కూడా నింపదు. నింపేది కోలికాల్సిఫెరాల్, అంటే మామూలు విటమిన్ డి3. 60,000 యూనిట్ల సాచెట్ అంటే 1.5 మిల్లీగ్రాములు, ఆ క్యాప్సూల్లోని కాల్సిట్రియాల్ కంటే బరువులో 6,000 రెట్లు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి కాల్సిట్రియాల్ ఎందుకు రాస్తారో, కిడ్నీ బాగున్న అమ్మగారికి దాంతో ఈ అంకె ఎందుకు కదల్లేదో రెండింటికీ జవాబు ఇదే. డాక్టరుగారికి ఆ స్ట్రిప్ చూపించి అడగండి.

సాచెట్ రాస్తే మామూలుగా వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. కాస్త నూనె, నెయ్యి ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. చీటీలో "వారానికి" అన్నది కనబడక రోజూ వేసుకునేవాళ్లుంటారు, అదే పెద్ద ప్రమాదం. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం మొదలైతే ఆపి కాల్షియం, క్రియాటినిన్ చూపించాలి. డి కొవ్వులో దాగి ఉంటుంది, కాబట్టి మానేసినా వారాల తరబడి కాల్షియం దిగదు.

మళ్లీ పరీక్ష మూడు నెలలకి, అదే ల్యాబులో. జుట్టుకి బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రెండు మూడు రోజుల ముందు ఆపమని అడిగి చూడండి, కొన్ని యంత్రాల్లో దాంతో డి లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.

పొద్దున ఆరున్నర ఎండలో నడిస్తే డి వస్తుందన్నది మాత్రం పొరపాటు. చర్మంలో డి తయారవడానికి కావలసిన కిరణాలు అప్పుడు దాదాపు ఉండవు, కిటికీ అద్దం కూడా వాటిని ఆపేస్తుంది. నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే ఎండ పనికొస్తుంది. విజయవాడ, గుంటూరు అక్షాంశానికి డిసెంబరులో ఇంచుమించు పదకొండు నుంచి ఒంటిగంటన్నర వరకు, మార్చిలో తొమ్మిదిన్నర నుంచే. మే నెలలో అయితే తొమ్మిది దాటాక చేతులు, కాళ్లకి ఎండ తగిలేలా పది పదిహేను నిమిషాలు చాలు, అంతకు మించి నిలబెట్టకండి, పెద్దావిడ కదా.