అకారం దగ్గరే ఆగిన సర్వస్వం

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో కొమర్రాజు లక్ష్మణరావు గారి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ పాత సంపుటాలు చూశాను. ఏది తెరిచినా అకారంతో మొదలయ్యే విషయాలే ఉన్నాయి. పక్క బీరువాలోని తెలుగు భాషా సమితి సర్వస్వంలో మాత్రం ఒక్కో సంపుటాన్ని ఒక్కో విషయానికి కేటాయించారు. ఈ తేడా ఎందుకు వచ్చింది? మొదటిది ఎందుకు పూర్తి కాలేదు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మొదటిది పూర్తి కాకపోవడానికి లక్ష్మణరావు గారి అకాల మరణమే కారణమని సాధారణంగా చెబుతారు. అది నిజమే కాని, పూర్తి నిజం కాదు. అకారాది క్రమంలో సర్వస్వం తలపెట్టిన ప్రతి సంపాదకుడికీ మొదటి అక్షరం దగ్గరే అసలు పరీక్ష ఎదురవుతుంది. పని కొత్తది, ఉత్సాహం మెండుగా ఉంటుంది, ఏ వ్యాసానికి ఎన్ని పుటలు ఇవ్వాలన్న కొలత ఇంకా చేతికి అందదు. ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. 1768లో ఎడిన్‌బరోలో విడి భాగాలుగా వెలువడడం మొదలైన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 1771 నాటికి మూడు సంపుటాలుగా ముగిసింది. అందులో మొదటి సంపుటం మొత్తం ఎ, బి అనే రెండు అక్షరాలకే సరిపోగా, ఎం నుంచి జెడ్ దాకా ఉన్న అక్షరాలన్నిటినీ మూడవ సంపుటంలోనే ఇరికించవలసి వచ్చింది. ఫ్రాన్సులో దిదెరో, దాలంబేర్ సంపాదకత్వంలో 1751లో వెలువడిన సర్వస్వం మొదటి సంపుటం ‘ఎ’ అక్షరం దాటనే లేదు. ఎనిమిది సంపుటాల వ్యాసాలు, రెండు సంపుటాల చిత్రాలు ఇస్తామని చందాదారులకు మాట ఇచ్చి, చివరికి 1772 నాటికి పదిహేడు సంపుటాల వ్యాసాలు, పదకొండు సంపుటాల చిత్రాలు ఇచ్చారు.

మరి ఆ సర్వస్వం ఎలా గట్టెక్కింది? 1759లో ప్రభుత్వం దాని ముద్రణానుమతిని రద్దు చేసింది, దాలంబేర్ తప్పుకున్నాడు. అయినా ముందుగా డబ్బు కట్టిన చందాదారులు దాదాపు నాలుగు వేల మంది ఉండడం వల్ల, ప్రచురణకర్తలు రహస్యంగానైనా పని సాగించి, మిగిలిన పది సంపుటాలను 1765లో ఒక్కసారిగా బయటికి తెచ్చారు. ఆ గడ్డు రోజుల్లో జోకూర్ అనే పండితుడు లేఖకులను పెట్టుకుని పగలూ రాత్రీ రాయించాడు. మొత్తం సుమారు 72,000 వ్యాసాలలో దాదాపు 17,000 ఆయనవే. సర్వస్వాల చరిత్రలో నాకు అందరికంటే గౌరవం కలిగించే మనిషి ఈయనే. దిదెరో పేరు లోకమంతా తెలుసు, జోకూర్ పేరు తెలిసినవారు బహు తక్కువ.

ఇక మన సంగతికి వస్తే, 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన లక్ష్మణరావు గారికి పాండిత్యానికీ, కార్యదక్షతకూ కొరత లేదు. ఆయనకు మల్లంపల్లి సోమశేఖర శర్మ గారి వంటి సమర్థులు తోడుగా నిలిచారు. కాని పరిభాష లేని కాలమది. ప్రతి శాస్త్రానికీ మాటలు కూర్చుకుంటూ వ్యాసం రాయాలి. అకారం తెలుగులో చిన్న అక్షరం కాదు. అగ్ని, అణువు, అద్వైతం, అర్థశాస్త్రం, అశోకుడు, అమెరికా అన్నీ దాని కిందికే వస్తాయి. 1923లో నలభై ఆరేళ్లకే ఆయన కన్నుమూశారు, పని ఆగిపోయింది. తరవాత ఆంధ్రపత్రికాధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు గారు దాన్ని తిరిగి చేపట్టి, 1930లలో చక్కని ముద్రణతో సంపుటాలు తెచ్చారు గాని, 1938లో ఆయన మరణంతో అదీ ముగింపు చూడలేదు. రెండుసార్లూ భారమంతా ఒక మనిషి భుజాల మీదే ఉండడమే అసలు లోపమని నా అభిప్రాయం. దాదాపు అదే కాలంలో మరాఠీలో కేత్కర్ నాగపూరులో వాటాలు అమ్మి కంపెనీగా ఏర్పాటు చేసిన జ్ఞానకోశం ఇరవై మూడు సంపుటాలతో పూర్తి కావడం ఇందుకు సాక్ష్యం.

1947లో మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి సంస్థగా పనిచేసింది; క్రమాన్నీ మార్చుకుంది. విషయాన్ని బట్టి సంపుటాలు వేస్తే ఏ సంపుటానికి ఆ సంపుటమే పూర్తి గ్రంథం అవుతుంది. పని మధ్యలో ఆగినా పాఠకుడి చేతిలో సగం అక్షరం మిగలదు. ‘తెలుగు సంస్కృతి’ సంపుటాలు ఇందుకు మంచి ఉదాహరణ. అలాగని అకారాది క్రమం తెలుగుకు అచ్చిరాలేదనుకోవద్దు. ఖండవల్లి లక్ష్మీరంజనం గారు ప్రధాన సంపాదకులుగా హైదరాబాదు నుంచి వచ్చిన ‘సంగ్రహ ఆంధ్ర విజ్ఞానకోశము’ అదే క్రమంలో ఎనిమిది సంపుటాలుగా వెలువడింది. పేరులోనే సంగ్రహమని చెప్పుకుని, ఆ కట్టుబాటు పాటించారు.

ప్రశ్న: బ్రిటానికా అచ్చు వేయడం మానేశారు గదా, ఇంట్లో ఉన్న పాత సంపుటాలు ఉంచుకోవడంలో ప్రయోజనం ఉందా?
– ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: 2010 నాటి ముప్పై రెండు సంపుటాల ముద్రణే చివరిదని 2012లో ఆ సంస్థ ప్రకటించింది. ముందుగా మీ సంపుటాలు ఏ సంవత్సరం ముద్రణో చూడండి. వైద్యం, జనాభా, దేశాల సరిహద్దులు వంటి విషయాలకు పాత ముద్రణను నమ్మకూడదు. చరిత్ర, సాహిత్యం, కళలు, జీవిత చరిత్రలకు మాత్రం నిపుణులు సంతకంతో రాసిన పెద్ద వ్యాసాలు ఇప్పటికీ చదవదగినవే. 1910–11 నాటి ఇరవై తొమ్మిది సంపుటాల పదకొండవ ముద్రణను పరిశోధకులు నేటికీ వెతుక్కుని చదువుతారు. చోటు చాలకపోతే తూకానికి వేయకండి. సంపుటాలలో ఏదీ తప్పిపోలేదని సరిచూసి, విడదీయకుండా దగ్గరి గ్రంథాలయానికి ఇవ్వండి.